ఎడమ పాదం కొలతలు

థోర్గిల్స్ తన పాత ఇనపకాలిని
చేపల సంచిలో చుట్టి తెచ్చి
నా బల్ల మీద దభీమని పెట్టాడు.
కప్పులో కాఫీ చిందింది.
"దీని బరువు చూడు హాల్బేరా" అన్నాడు,
"పద్నాలుగేళ్లు నేనే దీన్ని మోశాను.
ఇది నన్ను మోసింది తక్కువ."

మడమ దగ్గర ఉప్పు కొరికిన మచ్చలు.
కీలు చుట్టూ ఎర్రపొడి, వేలితో రాస్తే రాలింది.
జనవరిలో, ఫ్యోర్డు దాటి పడవ బయటికెళ్లాక
చలి ఆ ఇనుము వెంబడి పైకి పాకేదట,
మంచుగడ్డని మేజోడులా తొడుక్కున్నట్టు.

అసలు ఆ కాలు తీసుకున్నదీ ఉక్కే.
వల లాగే తీగ
వించ్ మీద వేలసార్లు వంగి, సాగి, మళ్లీ వంగి,
ఎవరికీ చెప్పకుండా అలిసిపోయి
ఒక మంగళవారం తెల్లవారుజామున తెగింది.
లోహానికీ అలసట ఉంటుంది.
అది నోరు విప్పేది ఒక్కసారే.

నేను కమ్మరిదాన్ని కాను.
కొలిమి లేదు, సమ్మెట లేదు.
నల్లటి బట్ట తాను, కత్తెర, రెసిన్ డబ్బా.
చెప్పాలంటే దర్జీ పని నాది.

ఒక్క పోగు లాగి అతని అరచేతిలో పెట్టాను.
వెంట్రుకలో పదోవంతు.
"ఊదితే పోతుంది ఇది!"
పోతుంది.
ఒంటరిదైతే విరుగుతుంది కూడా.
పన్నెండువేలు ఒక పేటై,
పేటలు పడుగై పేకై
జిగురు తడిలో ఒకదాన్నొకటి ఆనుకున్నాక
ఊది చూడు అప్పుడు.

ఉక్కుకి దిక్కులు తెలియవు.
ఎటు లాగినా ఒకటే బలం,
అక్కర్లేని చోటా అంతే బరువు.
నేనైతే ముందు అడుగుతాను:
నడిచేప్పుడు ఎటు వాలతావు?
అల తగిలితే ఏ అంచు మీద నిలదొక్కుకుంటావు?
జవాబు ఎటు చూపిస్తే అటు పోగులు పరుస్తాను.
పొడవునా కొన్ని వరసలు, ఐమూలగా కొన్ని,
మడమ దగ్గర మరో రెండు,
ఎందుకంటే ఈ మనిషి నిచ్చెన దిగడు.
దూకుతాడు.

ఓవెన్‌లో ఒక రాత్రి.
పొద్దున్నే బయటికొచ్చింది,
కొడవలిలా వంగిన పాదం.
చిటికెనవేలికి తగిలించుకుని గదంతా తిరిగాను.

అబద్ధం చెప్పను.
దెబ్బ తగిలితే ఇనుము సొట్ట చూపిస్తుంది.
ఇది పైకి నున్నగానే ఉండి
లోపల పొరలు విడిపోవచ్చు.
ఇనుమైతే కరిగించి మేకులు చేసుకోవచ్చు.
దీన్ని అలా కరిగించలేం.
అందుకే కాడ్ చేప బొమ్మ ఉన్న నాణెం ఒకటిచ్చి
తట్టి వినడం నేర్పాను:
టిక్కుమంటే సముద్రానికి వెళ్లు,
డొల్లగా పలికితే నా దగ్గరికి రా.

తొడుక్కున్నాడు. రెండడుగులు వేశాడు.
ఆగి, కింద ఏదో ఉన్నట్టు చూశాడు.
"నేల నన్ను తిరిగి తోస్తోంది" అన్నాడు.
ఆ మాట అన్నాక కాసేపు
గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.
నేను కత్తెర వెతుకుతున్నట్టు నటించాను.

పాత కాలు ఇక్కడే వదిలేశాడు.
మా తలుపుకి అడ్డంగా పెట్టాను.
ఉత్తరపు గాలి ఎంత కొట్టినా కదలదు,
ఆ పనిలో దానికి సాటి లేదు.

ఇప్పుడు పొద్దున్నే రేవు వైపు కిటికీ తీస్తే
పడవల ఇంజన్ల కంటే ముందు
చిన్న చప్పుడు వినిపిస్తుంది.
టిక్.
కాస్త ఆగి, ఇంకోచోట, టిక్.