కట్టు

మా నాయిన ఎముకలు కట్టేవాడు, పుత్తూరు పక్కన.
కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు, పాత పంచె గుడ్డ.
చెట్టు మీంచి పడినోళ్ళు, బండి మీంచి పడినోళ్ళు,
తాగి పడినోళ్ళు కూడా వచ్చేవాళ్ళు.
ఎందుకు పడినావని ఆయన ఎవర్నీ అడగలేదు.
"యాడ నొప్పి?" అంతే.
ఆ మాట అనేటప్పటికే చెయ్యి ఆడుండేది,
బరువు పెట్టకుండా.

ఇప్పుడు నేను తిరుపతిలో, ఆడపిల్లల హాస్టల్లో రాత్రి ఆయాని.
నాలుగంతస్తులు, మున్నూట అరవై మంచాలు,
ఆదివారం ఒక్కొక్కరికి ఐదు నిమిషాల ఫోను.
సోమవారం పొద్దున గోడకు ర్యాంకులు అతికిస్తారు.
చానామంది పై నుంచి చదవరు,
కింది నుంచి చదువుకుంటా పోతారు.
తన పేరు ఎంత ఆలస్యంగా తగిలితే అంత ఊపిరి.

జ్ఞానప్రసూనది ఏర్పేడు అవతల ఏదో పల్లె.
నాయినకు నాలుగావులు, పాలు పోస్తాడు.
చేరినప్పుడు ఆ పిల్ల నవ్వు వంటింటి దాకా వినపడేది.
కార్తీకంలో తగ్గింది. ఎవురూ లెక్కెయ్యలేదు,
నవ్వుకు మార్కుల్లేవు గదా.
సంగటి పెట్టిన రోజు కూడా తట్ట అట్లే తెచ్చి కడిగేసింది.
మార్గశిరం చలిలో
పచ్చ స్వెట్టరు చిన్న క్లాసు పిల్లకిచ్చేసింది.
జామెట్రీ బాక్సు ఒకరికి, జడ క్లిప్పులు ఒకరికి.
"ఎంత మంచి మనసో" అన్నారు అందరూ.
నాకు మాత్రం కడుపులో ఏదో జారింది.

నిరుడు రెండో అంతస్తులో ఒక మంచం ఖాళీ అయింది.
ఆ బిడ్డ పేరు నేను చెప్పను.
ముందురోజు నాతో నవ్వుతానే మాట్లాడింది,
నేను ఆ నవ్వునే నమ్మినాను.
మంచానికి కొత్త పరుపేసినారు, కొత్త నంబరు రాసినారు.
ఆ వరండాలో ఇప్పటికీ చెప్పులిప్పే నడుస్తాను.

రాత్రి రెండు గంటలప్పుడు కుళాయి చప్పుడైతే పోయి చూస్తిని.
ఉతికిన యూనిఫారమే మళ్ళా ఉతకతా ఉంది జ్ఞాన.
నేను కుళాయి కట్టలేదు. పక్కన తడిలోనే కూలబడినాను.
కొండ దోవ దీపాలు కనపడతా ఉండాయి.
స్టేషన్లో మైకు
ఎవరిదో ఊరి పేరు పిలస్తా ఉండాది.

నా నోట్లోకి ఎన్ని మాటలొచ్చినాయో.
మీ అమ్మానాయన్ని తలుచుకో. నీకేం తక్కువ. అందరూ చదవడంలా?
అన్నీ మింగేసినా.
విరిగిన చేతిని పట్టుకోని ఊపే మాటలు అవన్నీ.

"జ్ఞానా, యాడ నొప్పి మే?"

చానా సేపు నీళ్ళే మాట్లాడినాయి.
"తెలీదాయమ్మా. అంతటా."

అడగకూడదంటారు, అడిగితే లేని ఆలోచన పుడతాదంటారు.
నేను అడిగినాను: "చచ్చిపోవాలని ఉందా?"
ఆ పిల్ల చూసిన చూపు,
ఎన్నాళ్ళగానో మూసున్న గదికి
బయటి నుంచి ఎవరో తలుపు కొట్టినట్టు.
తల ఊపింది.
ఆ పైన ఏడుపు. వద్దనలేదు.
వీపు మీద చెయ్యి పెట్టినాను, బరువు పెట్టకుండా.
తెల్లారేదాకా ఇద్దరం కదల్లేదు.
ఏమేం చెప్పిందో, అవి ఆ పిల్లవి. ఆడనే ఉండనీ.

ఎముక తోలు చీల్చుకోని బయటికొస్తే
మా నాయిన కట్టు కట్టేవాడు కాదు.
"ఇది నా చేతిలో లేదు" అని
పెద్దాసుపత్రి బస్సెక్కించి, తానూ ఎక్కేవాడు.
నేనూ అంతే. చీకటితోనే వార్డెనమ్మను లేపినాను.
"ఈ పొద్దు పరీక్ష ఉందే" అనింది. "ఉండనీ" అన్నాను.
రుయాలో మనసు డాక్టరమ్మ కాడ చీటీ,
ముప్పై ఏడో నంబరు.
"ఇంత మంచి ర్యాంకు నాకెప్పుడూ రాలేదాయమ్మా" అనింది జ్ఞాన.
నవ్విందో ఏమో.
నవ్వును నేనిప్పుడు తొందరపడి నమ్మను.

వాళ్ళ నాయిన దొరికిన బస్సు పట్టుకోని వచ్చినాడు,
ఖాళీ పాల క్యాను చేతిలోనే ఉంది, దించడం మరిచిపోయి.
గేటు కాడే నిలబెట్టి చెప్పినా,
"ఎందుకని అడగొద్దు సామీ, ఈ పొద్దు వద్దు."
ఆయన క్యాను మూత తీసి, పెట్టి, మళ్ళా తీసి,
లోపలికి పోయి బెంచీ మీద కూతురి పక్కన కూచున్నాడు.
చానా సేపటికి
"ఎర్రావు ఈనింది మే" అన్నాడు.
"దూడ ఇంకా నిలబడలేదు. కాళ్ళు వణకతా ఉండాయి."

"ఎప్పుడు?" అనింది ఆ పిల్ల.

ముప్పై నాలుగు, అని పిలిచినారు లోపల.
మా ముందర ఇంకా ఇద్దరు.
ఉండనీ. కూచుంటాం.