నేల ఆరిందా

విశాఖలో ఒక సర్వీస్ సెంటర్ గుమ్మంలో
తెలీకుండానే చెప్పులు విప్పేశాను.
లోపలి కుర్రాడు నవ్వాడు: "ఏసుకునే రండి, ఇది గేరేజీయే."
బూడిద రంగు నేల. ట్యూబ్‌లైట్లు అందులో
తలకిందులుగా, ఒక్కటీ వణక్కుండా.
ఇంజనాయిల్ చుక్క పడితే గుడ్డతో తీసేశాడు,
కంచం అంచున పులుసు తుడిచినట్టు.
గుణుపూర్ ప్యాసింజరు నౌపడ దాటాక కూడా
నా కాళ్ళకింద ఆ నేలే.

నాది ఇంటి వెనక రేకుల షెడ్డు.
మోటార్లకి కాయిలు చుడతాను, పంపులు విప్పుతాను,
స్కూటరొస్తే కాదనను.
నేల వేసింది అప్పలసూరి మేస్త్రి. వంశధార ఇసక.
తడి ఆరకముందే దానిమీద ఒక కోడి నడిచింది,
మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి,
గుమ్మం నుంచి గ్రైండరు దాకా.
ఆ కోడిని తినేసి పదకొండేళ్ళు.

పెయింట్ల షాపు బిభూతి పండా
ధర ఒడియాలో చెప్పి, తగ్గింపు తెలుగులో చెప్పాడు.
ఎపాక్సీ అయితే రెండు డబ్బాలు,
కలిపిన నలభై నిమిషాల్లో పరిచెయ్యాలి,
ఆలస్యమైతే డబ్బాలోనే రాయి.
చవక రంగు కూడా ఉంది గానీ
టైరు వేడికి టైరుతోపాటే లేచొస్తుంది.
ఏది వేసినా ముందు నేలంతా గీకాలి.
"మరి కోడి కాళ్ళో?" అన్నాను.
"మిషను పెట్టి రుద్దితే ఏ కాళ్ళూ ఉండవు బాబూ."

రంగు దగ్గర ఇంట్లో గొడవ.
ఎర్రగచ్చు రంగైతే కడిగినప్పుడు ఇల్లులా ఉంటుందని సుభాషిణి.
ఎరుపు మీద రాగితీగ ముక్క కనబడదని నేను.
జునేష్ మాట్లాడలేదు. నా దగ్గర పని నేర్చుకుంటున్న సవర కుర్రాడు,
బేరింగు గుండ్లు నాలుగు తెచ్చి
షేడ్‌కార్డు మీద దొర్లించాడు.
బూడిద మీద మాయం. చుక్కలున్న దానిమీద అసలే మాయం.
లేత ఆకుపచ్చ మీద ఒకటి నిలిచింది, నీడతో సహా.
"ఇదీ" అన్నాడు.
జారిపడ్డ సర్‌క్లిప్ కోసం రోజుకెన్నిసార్లు
చెంప నేలకానించి టార్చి వేస్తాడో
వాడికే తెలుసు.

అంతా అయ్యాక పండా అడిగాడు, నేల ఆరిందా అని.
పదకొండేళ్ళ నేలని పట్టుకుని అదేం ప్రశ్న!
"పాలిథీన్ ముక్కొకటి నాలుగంచులా టేపేసి
ఒక్క రాత్రి ఒగ్గీండి. అదే సెప్తాది."

ఒగ్గేశాను. నిద్ర పట్టలేదు,
పరీక్ష రాసొచ్చిన గుంటడికి మల్లే.
తెల్లారి టేపు విప్పితే
లోపలి వైపు సన్నగా చుక్కలు,
అన్నం గిన్నె మూతకి పట్టినట్టు.
కింద సిమెంటు ఆ ముక్క మేర నల్లబడింది.
ఏరు ఇక్కడికి అరమైలుంటుంది. వానలింకా రానేలేదు.
"పైన ఎంత నిగనిగ పూసినా పొక్కిపోద్ది,
అట్లకాడ పెట్టి తీసుకోవచ్చు" అన్నాడు పండా.
అమ్మకం పోగొట్టుకుని నిజం చెప్పినందుకు
టీ ఇప్పించాను.

ఇంకోటుందిట. చూడ్డానికి నీళ్ళు.
పోస్తే నేల తాగేస్తుంది, లోలోపల గట్టిపడుతుంది,
దుమ్ము లేవదు, తడి దాని దారిన అది పోతుంది.
రంగు లేదు. మెరుపు లేదు.
"మరి పూసినట్టు ఎవరికి తెలుస్తాది?" అంది సుభాషిణి.
ఆరు వేలు పోసి ఏమీ కనబడకపోవడం
నిజానికి నాకూ మింగుడు పడలేదు.

ఆదివారం పోశాం, చీపురుతో నెట్టాం.
కోడి అడుగుల్లో కాసేపు నిలిచి
అక్కడా ఇంకిపోయింది.
బెంచి కింద పరచడానికి జునేష్
పాత రేకొకటి లేత ఆకుపచ్చ పూసి తెచ్చాడు.

సోమవారం గుండ్లు చెయ్యి జారాయి.
మూడు రేకు మీదే దొరికాయి.
నాలుగోది అంచు దాటి దొర్లి దొర్లి
కోడి మడమ గుంటలో ఆగింది.
విశాఖలో అయితే గోడ దాకా పోయేది.