ఎదుటి పార్టీ పేరు

మొదట అడగాల్సింది ఎదుటి పార్టీ పేరు.
కాగితాలు తర్వాత, కన్నీళ్ళు తర్వాత,
ఫీజు ఆ తర్వాత.
సోంపేటలో మా సీనియరు పన్నెండేళ్ళ కిందటే చెప్పాడు,
వక్క నములుతూ, నా వంక చూడకుండా.

నేను ముందు మంచినీళ్ళిచ్చాను.

కాశీబుగ్గలో జిరాక్సు షాపు మీద గది.
కింద మిషను తిరిగితే పైన బల్ల వణుకుతుంది.
కిటికీ తెరిస్తే జీడిపిక్కల కమురు,
మూస్తే ఉక్క.
తెరిచే ఉంచాను.

మడ్డు దాలమ్మ కుర్చీ అంచున కూర్చుంది,
ఎవరైనా లెమ్మంటే లేవడానికి వీలుగా.
గ్లాసు కోసం కొంగులోంచి చేతులు తీసినప్పుడు చూశాను,
జీడినూనె తిన్న వేళ్ళు,
గీతలరిగిపోయి, నల్లగా, నున్నగా.
రేషను మిషను ఆ వేలిని ఒప్పుకోదట.
"నాను నానేనని మిసినికి ఎవులు సెప్పాలమ్మా?"
నవ్వింది. నేనూ నవ్వాను.
ఆ నవ్వులో అడగడం మరిచాను.

"రేత్తిరి సిఫ్టుకే ఎల్లాడమ్మా మా ఆయన.
డ్రమ్ము పేలిపోనాది. సెయ్యి మోసేతికాడికి పోనాది.
ఆ రోజు పనికే రాలేదంతన్నారు,
అజరీ బుక్కు కనపళ్ళేదంతన్నారు.
ఏలాగ కనపడతాది?
మేస్త్రీ పెళ్ళాం తెచ్చి నాకిచ్చీసినాది.
మా బియ్యం డబ్బాలో, అడుగున..."

నా పెన్ను రాసేసింది: బియ్యం డబ్బా.
అప్పుడడిగాను, ఫ్యాక్టరీ ఎవరిదని.

కూర్మారావుది.
నా బీరువాలో రెండో అర, ఆకుపచ్చ ఫైలు.
శుక్రవారం సంతకమైన వకాలత్తు.
అడ్వాన్సులో సగం అప్పుడే గది అద్దెకి పోయింది.
ఇదే కుర్చీలో వెనక్కి బాగా ఆనుకుని
"ఆ పుస్తకం ఒక్కటీ బయటపడకపోతే చాలు మేడమ్" అన్నాడాయన.

"ఆగమ్మా. ఇంకేం చెప్పకు.
నీ కేసు నేను తీసుకోకూడదు."
"తప్పేటి సెప్పీసినాను?"
"తప్పు నీది కాదు."
"మరెందుకమ్మా?"

ఎందుకో చెబితే ఆయన గుట్టు విప్పినట్టు.
చెప్పకపోతే,
చెప్పకపోతే ఆమె తన చేతులవైపు చూసుకుంది.
మళ్ళీ కొంగులో దాచుకుంది.
ముడి విప్పి నలిగిన నోట్లు బల్లమీద పెట్టింది.
"సాలకపోతే వొచ్చే నెల సీటీ పాడతాను."
నోట్లు వెనక్కి జరిపాను.
అదింకా పెద్ద అవమానమైంది.

కాగితమ్మీద రాసిచ్చాను,
కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసహాయం గది,
ఏ గుమ్మం, ఏ వారం, ఎవరినడగాలో.
చదువు రాదంది. రెండుసార్లు చదివి వినిపించాను.
"ఆలస్యం చెయ్యకు. మొదట ఫ్యాక్టరీ పేరు చెప్పు.
నువ్వు నాకు చెప్పింది నా దగ్గరే ఉంటుంది."
తలూపింది,
ఈ మాట చాలామంది నోట విన్నదానిలా.
మెట్లమీద చెప్పుల చప్పుడు
ఒకచోట ఆగింది. తర్వాత దిగిపోయింది.

కూర్మారావుకి ఫోను చేశాను,
ఫైలు వాపసిస్తానని.
"కారణం?"
"చెప్పలేనండి."
"వాళ్ళెంతిచ్చారు?"

అద్దెకి పోయిన సగాన్ని
జిరాక్సు సన్యాసిరావు దగ్గర బదులు తెచ్చి కట్టాను.
నేను తప్పుకోవడం కూడా ఒక మాటేనేమో,
ఆయన చెవికి అందే మాట.
ఆ భయానికి చట్టంలో సెక్షను వెతికాను. దొరకలేదు.

ప్యాడులో ఆ పేజీ చింపాను.
కింది పేజీమీద అక్షరాల నొక్కు పడింది.
అదీ చింపాను.
మూడోదాన్ని దీపం వెలుగులో వాల్చి చూస్తే
పల్చగా, ఇంకా, బియ్యం డబ్బా.

ఇంటికొచ్చి అత్తెసరు పెట్టబోతే
సోల అడుక్కి తగిలి టంగుమంది.
చెయ్యి అక్కడే ఆగిపోయింది.
ఏమిటలా ఉన్నావని మా ఆయన అడిగాడు.

ఏం లేదు, బియ్యం అయిపోవచ్చాయి, అన్నాను.