కుళాయి వచ్చే వేళ

గుంటూరు, అరండల్‌పేట.
తెల్లారుజామున అయిదుంబావుకి కుళాయి వస్తుంది.
ముందు గాలి, ముసలాడి దగ్గులా.
తర్వాత తుప్పు రంగు నీళ్లు,
ఆ తర్వాత మంచివి.
ముప్పావు గంట.
మా ఇంట్లో మాటలకి కూడా అంతే టైము.

ఇదెలా మొదలైందో చెప్పాలంటే
ఒక చలి ఊరి గురించి చెప్పాలి.
దాని పేరు మాత్రం చెప్పను.
ఆయన రిటైరై నాలుగేళ్లయినా
నా నాలుకకి ఆ గడియ ఊడలేదు.

రాయబార కార్యాలయంలో సైఫర్ అసిస్టెంటు ఆయన.
రాయబారి కాదు. మా కారుకి జెండా లేదు,
అసలు కారే లేదు.
అంకెలు లోపలికెళ్లి మాటలై బయటికొచ్చే
కిటికీ లేని గదిలో పని.
చెప్పులు విడిచినట్టు ఆ మాటల్ని
గుమ్మం దగ్గరే విడిచి ఇంట్లోకి రావాలి.

వెళ్లిన మొదటి రాత్రే
నన్ను బాత్రూంలోకి తీసుకెళ్లి
కుళాయి పూర్తిగా తిప్పి, చెవిలో అన్నాడు:
"గోడలు వింటాయి ఎస్తేరూ.
ఏదన్నా చెప్పుకోవాలంటే ఇక్కడే."
పెళ్లయి పదకొండు నెలలు.
తలుపేస్తుంటే నేననుకున్నది వేరు.

అప్పట్నించీ
మా అత్తకి ఎంత పంపాలో,
పై అంతస్తు సెక్రటరీ భార్య
నా చీర చూసి ఏమందో,
నాకు నెల తప్పిందనీ,
అన్నీ నీళ్ల చప్పుడు కిందే.
పోట్లాట కూడా.
గుసగుసగా తిట్టుకోవడం ఎంత కష్టమో
తిట్టుకున్నవాళ్లకే తెలుసు,
సగంలో ఎవరో ఒకరికి నవ్వొచ్చేస్తుంది.

కెరెన్‌కి మాటలొచ్చాక
మొదట నేర్చిన మర్యాద అదే.
గ్లాసు పగలగొడితే వచ్చి
నా కొంగు లాగేది:
"అమ్మా, నీళ్లు తిప్పు."

ఒక మంగళవారం
ఆయన చారన్నం ఎప్పటిలాగే తిన్నాడు.
రెండోసారి వడ్డించమన్నాడు కూడా.
కుటుంబాల్ని పంపించెయ్యమని
ఆ పొద్దున్నే ఆయన చేతుల మీదుగానే వచ్చిందట కబురు.
గురువారం దాకా కుళాయి తిప్పలేదు.
తిప్పాక ఒకటే మాట:
"సూట్‌కేసు ఒక్కటే తీసుకో."
ఆ రెండు రోజులకీ
నేనింకా లెక్క అడగలేదు.

ఇక్కడ వినే యంత్రాలేం లేవు.
కింద ఓనరు రత్తమాంబగారు చాలు,
పోపు చప్పుడుని బట్టి
మేమేం వండామో చెప్పగలరు.
అయినా పగలంతా మేం
"మజ్జిగుందా", "కరెంటు బిల్లు కట్టావా",
అలాంటివే మాట్లాడుకుంటాం.
అసలైనవి తెల్లారుజాముకి దాచుకుంటాం,
ఆయన షుగరు అంకె,
నాకొచ్చిన కల,
తమ్ముడికిచ్చి తిరిగి రాని డబ్బు.

మొన్న పైపు పగిలి
మూడు రోజులు నీళ్లు రాలేదు.
ట్యాంకరొచ్చింది గానీ
లైనంతా బిందెల్తో నిలబడ్డ చోట
ఏం చెప్పుకుంటాం?
మూడు రోజులూ మా ఇంట్లో
ఎవరికీ ఏమీ జరగలేదు.

నాలుగో రోజు గాలి దగ్గింది.
నాకంటే ముందే లేచి
బకెట్టు పక్కన గొంతుక్కూర్చుంది కెరెన్.
ఇరవయ్యారేళ్లది, కొత్తపేట ల్యాబులో
అందరి రక్తాలూ తీసే పిల్ల.

"చిన్నప్పుడు,
మీరు నీళ్లకే చెప్పుకుంటున్నారనుకున్నానమ్మా.
గోడలకి వినపడకుండా అని కాదు.
నీళ్లు మోసుకెళ్లి ఎవరికో ఇస్తాయని."

తుప్పు రంగు పోయింది. బిందె పెట్టాను.

"ట్రాన్స్‌ఫర్లు లేని మనిషిని చూసుకున్నా.
పట్నంబజార్లో స్టీలు సామాన్ల కొట్టు.
వాళ్ల తాత కూర్చున్న స్టూలు మీదే కూర్చుంటాడు."
పేరు కూడా చెప్పింది.
బిందెలో పడే నీళ్ల చప్పుడుకి
అదొక్కటే నాకు అందలేదు.

వంగి, కుళాయి కట్టేశాను.
"మళ్లీ చెప్పు."

అటూ ఇటూ చూసింది, దొంగలా.
తర్వాత మామూలు గొంతుతో,
మెట్ల దాకా వినపడేలా చెప్పింది.

గోడ అవతల మంచం కిర్రుమంది.
"నాకు వినపడింది" అన్నాడాయన.

బిందె సగమే నిండింది.
ఇంకా ఇరవై నిమిషాలుంది నీళ్లకి.