చీకటి పడితే లోపలికి చేరినట్టు

గాజు కడగడం నా పని.
అంతకుముందు ఇరవై ఆరేళ్లు
సేన్యా దీవి రేవులో కాడ్ చేపల కాలేయం కాచాను.
కొవ్వు సంగతి నాకు కొత్త కాదు:
చొక్కా విడిచినా ఒళ్లు విడవదు,
సబ్బుకి మొక్కినా ముంజేయి వదలదు.
అందుకే నన్ను పనిలో పెట్టుకుంది తూర్‌ఫ్రిద్.
"ఊద్‌వార్, చదువుకున్నవాళ్లు నాకు చాలామందున్నారు,
జిడ్డు మీద పగబట్టినవాడు కావాలి" అంది.

ట్రోమ్సోలో నవంబరు ఆఖరున సూర్యుడు కొండ దిగితే
మళ్లీ జనవరి ఇరవయ్యొకటికే.
మధ్యాహ్నం కాసేపు మంచు మీద నీలం, అంతే.
ఆ చీకట్లోనే ఆమె ఇల్లు కట్టింది.
ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఇల్లు
కట్టి చూడమని ఎవరూ అనలేదు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు
మునుగుతాడనేది రేవులో తొలి పాఠం.
ఈ అణువు బతుకంతా అదే:
తల నీళ్ల కోసం సాగుతుంది,
తోకలు రెండూ నీళ్లంటే ముడుచుకుంటాయి.
ఒంటరిగా ఉంటే దిక్కుతోచదు.
లక్షలుగా చేరితే
తోకల్ని తోకల్లో దాచుకుని
తలల్ని రెండువైపులా నీళ్లకిచ్చి
గోడవుతుంది; వంగి వంగి
తన అంచుని తానే కలుపుకుని
బుడగవుతుంది. లోపల ఒక చుక్క.
మేస్త్రీ లేడు, మేకు లేదు.
నీళ్ల భయమే సున్నం.

గుండ్రటి ఫ్లాస్కు తిరుగుతూ తిరుగుతూ ఆరితే
గాజుకి అంటిన పొర, మీగడ కన్నా పలచన.
వేడి ఉప్పునీళ్లు పోస్తే
ఉబ్బి, ఊడి, ఉల్లిపాయలై తేలుతుంది.
ఆ ఉల్లిపాయల్ని సన్నజల్లెడలోంచి
ఈ సిరంజీలోంచి ఆ సిరంజీలోకి నెట్టాలి,
పదకొండుసార్లు. ఎప్పుడూ బేసి లెక్కే.
సరి లెక్కయితే మొదలైనచోటికే వస్తుంది,
నలగని ముక్కల మధ్యకే.
నేనూ దీవికీ ఊరికీ
ఇన్నేళ్లూ సరి లెక్కలోనే తిరిగాను.

డిసెంబరంతా కారింది.
రాత్రి లోపల పెట్టిన మందు
తెల్లారేసరికి (తెల్లారడమనేది ఉంటే) బయట.
ఫ్లాస్కులు కడిగాను. మళ్లీ కడిగాను.
ఆఖరికి కొలెస్టరాల్ పాలు పెంచింది.
తినొద్దని డాక్టరు నన్ను తిట్టే సరుకే
తోకల సందుల్లో దూరి బిగించి కూర్చుంది.
ఎవడి విలువ ఏ గోడలో ఉందో!

మందు ఎర్రనిది.
దాన్ని నేను ముందే ఎరుగుదును.
గున్‌వోర్ చేతినరంలోకి ఆరుసార్లు దిగింది.
కణితి కరిగింది. గుండె కూడా.
తూర్‌ఫ్రిద్‌కి ఈ మాట చెప్పలేదు.
చెబితే నాతో మెల్లగా మాట్లాడుతుంది,
నాకు ఆమె అరుపులే బాగుంటాయి.

పంతొమ్మిదో తేదీ రాత్రి
"దీపాలార్పి ఇలా రా" అని అరిచింది.
తెర మీద ఒక గీత.
విడిగా ఉన్నంతసేపే
ఆ మందు నారింజరంగులో మెరుస్తుందట.
బుడగలో కిక్కిరిస్తే
ఒకదాన్నొకటి ఆర్పుకుని, గడ్డకట్టి,
కాఫీగింజ నడుమ గీతలా పడుకుంటుందట.
గీత దిగుతోంది.
సగమైంది.
పావైంది.
వెలుగు తగ్గుతుంటే నవ్విన మనిషిని
అప్పుడే మొదటిసారి చూశాను.
"చీకటి పడితే లోపలికి చేరినట్టు.
మళ్లీ వెలిగితే కణితిలోనే వెలగాలి,
దారిలో వద్దు,
గుండె దగ్గర అసలే వద్దు."
నేను చేతులు తుడుచుకున్నాను.
అవి తడిగా లేవు.

ఇంకా ఎలుకలున్నాయి, ఏళ్లున్నాయి,
సంతకాలున్నాయి అంది.

ఇరవయ్యొకటిన ఊరంతా కొండవైపు తిరిగి నిలబడింది,
చేతుల్లో సూర్యుడి బన్నులు,
నూనెలో వేగినవి, లోపల జామ్.
మబ్బు. సూర్యుడు రాలేదు.
తూర్‌ఫ్రిద్ కొరికింది.
జామ్ జారి తెల్లకోటు మీద పడింది.
"లీకు! రాసుకో, బ్యాచ్ నంబరు ఒకటి" అంది.
కోటు ఇటిమ్మన్నాను.
నూనె మరక
చన్నీళ్లకి పోదు.