యజమాని వాటా

ఒక్క కొలువుకు నాకు మూడు కాయితాలు.

గేటు పాసు మీద మందుల కంపెనీ పేరు.
పనిల చేరినప్పటి ఉత్తరం మీద పట్నం ఏజెన్సీ పేరు.
నెలనెలా ఫోనుకొచ్చే జీతం చిట్టీ మీద
నోరు తిరగని మూడో పేరు.
"అది మీ నెత్తి మీద ఛత్రి అసొంటిది,
ఎండ తగలది, వాన తగలది"
చేర్పిచ్చిన నాడు ఏజెన్సీ పిలగాడు చెప్పిండు.
పాపం, మంచిగనే చెప్పిండు.
ఆ పిలగాడు గూడ ఇప్పుడు ఆ ఏజెన్సీల లేడు.

జడ్చర్ల రోడ్డు మీద, రేకుల షెడ్డుల
గోలీల పట్టీలు డబ్బాలల్ల సదురుత.
పర్మినెంటోళ్ల మెడల నీలం తాడు, మాకు పసుపు తాడు.
"ఏయ్ పసుపు తాడు, ఇటు రా" అంటడు సూపర్‌వైజరు.
ఎవలను పిలిచిండో తెల్వక
పదకొండు మందిమి ఒక్కసారే తలకాయెత్తుతం.

మొన్న పెద్దపిల్లకు జరమొస్తే
ఈఎస్ఐ దవాఖానల నంబరు కొట్టి చూసిండ్రు.
"మూడు నెలల సంది కట్టలేదమ్మా" అన్నది కంప్యూటరు కాడి ఆమె,
తప్పు నాదైనట్టు.
ఆ రాత్రి చిట్టీని రెండేళ్లతోని పెద్దగ జేసి చూసిన.
ఈఎస్ఐ కోసిండ్రు, ఏ నెలా ఇడువలే.
నా పీఎఫ్ పదిహేను వందల అరవై.
దాని కింద, యజమాని వాటా పదహారు వందల తొంభై.
అదీ నా జీతంలకెళ్లే.
ఇంకింత కింద సర్వీసు చార్జి. ఛత్రి కిరాయి.
యజమాని వాటా నేనే కడుతున్ననంటే
లెక్క ప్రకారం నాకు నేనే యజమాన్నైతి.
మరి ఐతారం నాడు డ్యూటీకి రాకుంటే తీసేస్తనని
నన్ను నేనే ఎన్నడు గదిరిచ్చుకున్న?

మా తాత ఊశన్న పాలమూరు గుంపుల
ఎవల్దో నీళ్లకు ఎక్కడెక్కడో కాలువలు తవ్వినోడు.
మేస్త్రి కూలి ఎగ్గొడితే
పోయి వాని గడప మీద కూసున్నడట మూడు దినాలు,
బువ్వ తినక, ఒక్క మాట మాట్లాడక.
నాలుగో నాడు మేస్త్రి పెండ్లాం సిగ్గువడి
కాళ్ల కడియాలు తీసి ముంగట పెట్టిందట.
తాత కడియాలు ముట్టలే, పైసలే తెమ్మన్నడు.
మేస్త్రి దొంగే గని
మేస్త్రికి ఒక గడప ఉండె.

నేను పట్నం బస్సెక్కి
చిట్టీ మీది అడ్రసు దేవులాడుకుంట పోతే
రెండో అంతస్తుల అబాకస్ ట్యూషన్ నడుస్తున్నది.
చిన్నపిల్లలు కండ్లు మూసుకొని
గాలిల లేని పూసలు లెక్కవెడుతున్నరు.

మహబూబ్‌నగర్ లేబర్ ఆఫీసుల సారు
నా మూడు కాయితాలు టేబులు మీద దూరం దూరంగ పెట్టిండు.
కంపెనీ అంటది: ఆమె ఏజెన్సీ మనిషి.
ఏజెన్సీ అంటది: మనిషిని చూపిచ్చుడే మా పని.
ఛత్రోళ్లు అంటరు: జీతం పంచెటోళ్లం, పని సంగతి మాకేం ఎరుక.
"ఖానూన్ ఉన్నదమ్మా" అన్నడు సారు,
"నడుమటోడు ఎగ్గొడితే అసలోడు కట్టాలె.
గని అసలోడెవడో కాయితం చెప్పదు, పని చెప్తది.
నిన్ను నిలవెట్టేది ఎవలు, కూసోవెట్టేది ఎవలు,
రేపటి సంది రాకు అనేది ఎవలు,
రాసుకరా. తారీకుతోని, టైముతోని."

బిడ్డ పాత లెక్కల నోటుబుక్కుల
ఎనక నుంచి మొదలువెట్టిన.

ఆరూ పది. గేటు కాడ సంచి యెతికిండ్రు. కంపెనీ సెక్యూరిటీ.
తొమ్మిదిన్నర. మిషను ఆగింది. సూపర్‌వైజరు తిట్టిండు.
ఏం తిట్టిండో రాయలే, బిడ్డ పుస్తకం గదా.
పన్నెండు. బాత్రూంకు అడిగిన, ఆగుమన్నడు.
పన్నెండూ ఇరవై. పొమ్మన్నడు.
రెండు. చెన్నమ్మను రేపటి సంది రావద్దన్నరు.
అన్నది సూపర్‌వైజరే. ఛత్రోళ్ల మెసేజు
పొద్దుగూకినంక వచ్చింది.

ఛత్రోళ్లకు ఒక గడి గీసిపెట్టిన.
ఇరవై ఐదు దినాలకు అందుల గా ఒక్క మెసేజే.

ఇరవై ఆరో నాడు, చాయ్ టైముల
ఎనక వచ్చి నిలవడ్డడు సూపర్‌వైజరు.
"ఏం రాస్తున్నవ్ మణెమ్మా?" అన్నడు.

నా పేరు ఎరుకే ఆయనకు.

గోడ గడియారం చూసి
అది గూడ రాసిన.