ఉంగరపు వేలు

రాత్రి పదింటికి జహ్రాలో ఈ ఇంట్లో
ఏసీ ఒక్కటే మాట్లాడతా ఉంటాది.
మామా మొహం కడుక్కోనొచ్చి
మంచం అంచున కూర్చోని కళ్ళు మూసుకుంటాది.
నేను ట్యూబు మూత తీస్తాను.

శనగ్గింజంత. అంతకు మించగూడదు.
మందులషాపు ఈజిప్టాయన
అరబ్బీలో ఒకసారి, చేతుల్తో ఒకసారి చెప్పినాడు:
రాత్రిళ్ళే పుయ్యాల,
మచ్చ దాటి పక్కకు పోగూడదు,
మూడు నెలలకు ఆపెయ్యాల,
పగలు మొహం ఎండకన్నెరగకుండా ఉండాల.
ఎండకన్నెరగకుండా! జహ్రాలో!
ఆయనకే నవ్వొచ్చినట్టుంది,
రసీదు చింపి ఇచ్చేసినాడు.

మామాకు రెండు చెంపలా మంగు,
గుడ్డ మీద ఒలికి ఆరిపోయిన టీ మాదిరి.
ఏడు కాన్పులంట, కాన్పుకింత పరుచుకుందంట.
నాకు ఎడమ చెంపన ఉండాది.
నాకు ఇద్దరే బిడ్డలు.
తక్కిందంతా మిద్దె మీద
బట్టలారేసే మిట్టమధ్యాన్నాలది.

మంగు శని పోతే పొంగు శని వస్తాదిలే అని
మొహానికీ గ్రహానికీ లెక్క కలిపేది మా యత్త.
ఆ పొంగు కోసమే విమానమెక్కినా.
పొయ్యి మీద పాలు తప్ప
ఈడ ఇంకేదీ పొంగలా.

ఉంగరపు వేలితోనే పుయ్యాలంట,
దానికి బలం తక్కువ, చర్మాన్ని లాగదంట.
నా ఉంగరం రాజంపేట బ్యాంకులో ఉండాది.
వేలు మాత్రం పనికి ఖాళీ.

పూసినాక వేలికి కొంచెం మిగుల్తాది.
తొమ్మిది దీనార్ల మందు, కడిగేదానికి చేతులు రావు.
చీకట్లో నా చెంపకు రుద్దుకునేదాన్ని.
దొంగతనమో ఎంగిలో నాకు తెలీదు.

మస్తానీ వద్దనింది.
శుక్రవారం సంతలో పేరులేని డబ్బా కొని
పదైదు దినాలు మెరిసిన మనిషి,
ఇప్పుడు పొయ్యి ముందర నిలబడితే
మొహం మిరప్పండు.
"తెల్లబడలేదక్కా, పల్చబడినా" అనింది.

మూడో నెలకు మామా మచ్చ ఒక పక్క వెలిసింది.
మనవడి పెళ్ళికి రెండు దినాలు
ఎడారి గుడారాల కాడ తిరిగింది.
మచ్చ మళ్ళా వచ్చి కూర్చుంది.
అద్దం నా చేతికిచ్చి "ఖలాస్" అనింది.

నా చెంపా అట్లనే ఉండాది.
రొట్టెల పిండి పిసుకుతా చూసుకున్నా,
ఉంగరపు వేలి కొస తెల్లగా,
ఎవరిదో వేలు నా చేతికి అతికించినట్టు.
మామాకు చూపించినా.
దీపం కింద అటూ ఇటూ తిప్పింది,
వేలు వదలకుండానే నవ్వింది,
ఏడుగురిని కన్న కడుపు కదిలేట్టు.
నాకూ నవ్వాగలా.

ఇప్పుడు మిద్దె మీద బట్టలారేసినాక
కొంగు మొహం మీదికి లాక్కోని
ఆ ఒక్క వేలిని బయటికి చాపుతాను.
దోసె మాదిరి నిదానంగా కాలనీ.
ఎండ కన్ను దీన్ని చూడనీ.